ప్రశ్న తీసేసిన పాఠం

సోమవారం, ఎండ

పొద్దుటంతా సోలార్ ప్యానెళ్ల మీద పేరుకున్న ఉప్పు గీకడంతోనే సరిపోయింది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందంటే తెల్లారేసరికి వాటి మీద ముగ్గుపిండి చల్లినట్టు ఉంటుంది. తడిగుడ్డకి పోదు. ముందు కొబ్బరిపీచుతో రుద్దాలి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. మంచినీళ్లు అందుకు వాడటం నాకు ఇప్పటికీ మనసొప్పదు.

మా తరగతి స్టేషన్ పాత వాటర్ ట్యాంకు మీద ఉంది. ట్యాంకు ఎండిపోయి చాలా ఏళ్లయింది కానీ మేముండే ఈ గట్టు మొత్తం మీద అంత ఎత్తు ఇంకోటి లేదు. అందుకే సిగ్నల్ ఇక్కడికే వస్తుంది. గట్టు మీద ఉన్నవాళ్లు లైవ్ క్లాసులో కూర్చుంటారు. సముద్రం లోపలికొచ్చాక అవతల ఉండిపోయిన లంకల్లో మాత్రం సిగ్నల్ లేదు. వాళ్ల కోసం నేను క్లాసు రికార్డు చేసి పలకల్లోకి ఎక్కించి లాంచీలో పంపుతాను. లంకకో పలక. ఎండకి చార్జి అవుతుంది, నీళ్లలో పడినా ఏమీ కాదు.

గురువారం క్లాసు పురుడు పోసే ఆడవాళ్లకి. కొండవైపు ఆసుపత్రి నుంచి డాక్టర్ రజియా చెబుతారు. మొదలవగానే ప్రతి పేరు పక్కనా ఒక చుక్క వెలుగుతుంది. పచ్చచుక్క అంటే నా గొంతు రికార్డులో ఉండనివ్వండి అని. ఎర్రచుక్క అంటే వద్దని. ఎర్రచుక్కవాళ్ల గొంతుని జల్లెడ ఏరి తీసేస్తుంది. మిషనుకి వేరే పేరుంది గాని మేమంతా జల్లెడ అనే అంటాం. రికార్డులోంచి తీసెయ్యొచ్చు, ఏదీ కలపకూడదు. కలిపితే అసలు పాఠమేనని చెప్పే దాని ముద్ర చెరిగిపోతుంది. ముద్ర లేని వైద్యపాఠాన్ని పలక చూపించదు. దొంగపాఠాలు నమ్మి జనం చచ్చిపోయిన రోజుల తర్వాత పెట్టిన కట్టుబాటు అది. మంచిదే.

ఈ క్లాసులో అందరివీ పచ్చచుక్కలే. ఒక్క నాగవేణిది ఎరుపు. ఎక్కువ ప్రశ్నలు అడిగేది కూడా ఆ పిల్లే. ఆమె నోరు తెరిస్తే చాలు, డాక్టరు గారి ముఖం వెలుగుతుంది. ప్రశ్న పూర్తవకముందే జవాబు మొదలుపెట్టేస్తారు.

శుక్రవారం, పోటు ఎక్కువ

మొగలిలంక నుంచి మంగాయమ్మగారు వచ్చింది. ట్యాంకు మెట్లు ఎక్కడానికి మధ్యమధ్యలో ఆగినట్టుంది, పైకొచ్చేసరికి రొప్పుతోంది. చేతిలో మేం పంపిన పలక. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ లంకలో పురుళ్లన్నీ పోసేది ఆమే. మొన్న సీతారత్నం అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగానే ఉంది, మాయ కూడా పడింది. నెత్తురు మాత్రం ఆగలేదు. పాఠంలో చెప్పినట్టే మంగాయమ్మ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి రుద్దుతూనే ఉంది. గట్టిపడలేదు. అదృష్టం కొద్దీ మంచినీళ్ల లాంచీ అక్కడే ఉంటే అందులో వేసుకుని గట్టుకి తెచ్చారు. ఇక్కడ నర్సమ్మ ముందు గొట్టం పెట్టి మూత్రం తీసింది. ఆ తర్వాత రుద్దితే గట్టిపడిందట. సీతారత్నం బతికింది. కానీ లేచి కూర్చోవడానికే ఇంకా ఓపిక లేదు.

“మూత్తరం పోయించలేదేంటమ్మా, మీకు నేర్పలేదా అనడిగిందా నర్సమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్‌గారు చెప్పలేదండీ అన్నాను. చెప్పేరో లేదో నువ్వే చూడమ్మాయ్,” అంటూ పలక నా ముందు పెట్టింది.

చూశాను. డాక్టరు గారు తెర మీద, బొమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి, “గుండ్రంగా రుద్దండి, కొబ్బరికాయలా గట్టిగా తగలాలి,” అన్నారు. తర్వాత ఆవిడ పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. మళ్లీ శబ్దం వచ్చేసరికి, “అప్పుడు ఇంకోసారి రుద్దండి,” అంటున్నారు.

ఆ ఖాళీలో ఏముందో నాకు తెలుసు. “రుద్దినా గట్టిపడకపోతేనండీ?” అని నాగవేణి అడిగింది. డాక్టరు గారు ఎప్పటిలాగే ఆమె మాట మీదే మాట కలిపి, “ముందు మూత్రం పోయించండి, ఆ సంచి నిండుగా ఉంటే గర్భసంచి ముడుచుకోదు,” అన్నారు. రెండు గొంతులూ కలిసిపోవడంతో జల్లెడ రెండూ తీసేసింది. పంపేముందు నేను విన్నాను. కానీ లైవ్‌లో కూడా విన్నదాన్ని కాబట్టి ఆ ఖాళీని నా బుర్రే నింపేసింది. నాకు ఖాళీ వినపడలేదు.

“మేడమ్‌గారు ఎవరితోనో మాటాడుతున్నారు. ఎవరితో?” అంది మంగాయమ్మ. “నాతో అయితే కాదు. నేను ఎదురుగా కూచునుంటే నన్ను దాటేసి ఎవరితోనో.”

టీ ఇచ్చాను. తాగకుండానే దిగి వెళ్లిపోయింది.

శనివారం

మూత్రం సంగతి ప్రతి లంకలోనూ చెప్పమని లాంచీ సరంగు నూకరాజుని నిన్ననే అడిగాను. అలాగేనండి అన్నాడు గాని ముఖం ఎర్రబడింది. తీరా ఎక్కడా ఆడవాళ్లకి చెప్పలేదట, వాళ్ల మొగుళ్లకి చెప్పి వచ్చాడట. వాళ్లేం విన్నారో, ఇంటికెళ్లి ఏం చెప్పారో దేవుడికెరుక.

మధ్యాహ్నమంతా పాత రికార్డులు వింటూ కూర్చున్నాను. ఈసారి లంకలో కూర్చున్నదాన్నని అనుకుంటూ విన్నాను. దాదాపు ప్రతి పాఠంలోనూ ఇలాంటి గుంటలున్నాయి. “అలా చేస్తే బిడ్డకి ప్రమాదం,” అంటారు డాక్టరు గారు. ఎలా చేస్తే? తెలియదు. “లేదు, అది ఎప్పుడూ వద్దు,” అంటారు. ఏది వద్దో లేదు.

ఇన్‌చార్జి ముక్తేశ్వరరావు గారు సాయంత్రం వచ్చారు. అంతా విని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు.

“అసలు రికార్డు ఉంది కదా?”

“ఉందండి. నెలాఖరు దాకా ఉంటుంది.”

“జల్లెడ ఆపేసి పంపించేయండి. లంకల్లో దాన్ని చూసి ఎవరు గుర్తుపడతారు? గొంతే కదా సువార్తగారూ. అవతల ప్రాణాలు.”

ఆయన చెడ్డవాడు కాదు. లంకల్లో ఈ పాఠాలు చూసి ఎంతమంది పురుళ్లు పోస్తున్నారో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన వెళ్లాక నేను జల్లెడ మీట మీద వేలు పెట్టాను కూడా. పక్కన తెర మీద నాగవేణి పేరు, దాని పక్కన ఎర్రచుక్క. వద్దు అని చెప్పింది. ఎందుకు వద్దో నేను ఎప్పుడూ అడగలేదు.

మీట వదిలేసి చెప్పులేసుకున్నాను.

ఆదివారం

నిన్న నేను వెళ్లేసరికి నాగవేణి షెడ్డు మూసేశారు. ఇవాళ దొరికింది. పురుళ్లకి పిలిస్తే వెళుతుంది గాని, రోజూ పని గట్టు చివర ఈ నీళ్ల ఫిల్టరు షెడ్డులోనే. ఉప్పునీళ్లు ఒకవైపు నుంచి వస్తాయి, మంచినీళ్లు ఇంకోవైపు బిందెల్లోకి పోతాయి. మధ్యలో మోటార్లు, గొట్టాలు, ఈ పిల్ల. పాతికేళ్లుంటాయి. నన్ను చూసి స్టూలు తుడిచి వేసింది.

“ఏంటక్కా, ఇంత దూరం వొచ్చేవు? మేడమ్‌గారికి వొంట్లో బాగానే ఉందా?”

బాగానే ఉన్నారని చెప్పి, ఇచ్చిన నీళ్లు తాగాను. ఇంతలో కాలవలో సరుకుల లాంచీ వచ్చింది. మైకులోంచి ఒక ఆడగొంతు, మెత్తగా, దగ్గరివాళ్లని పిలిచినట్టు: “రండమ్మా రండి, సబ్బులు, సర్ఫులు, సౌర దీపాలు, మీ ఇంటి ముందుకే వచ్చాయి.”

నాగవేణి లేచి రెండో మోటారు ఆన్ చేసింది. షెడ్డంతా హోరెత్తింది. లాంచీ వెళ్లేదాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. తర్వాత కట్టేసింది.

“ఆ గొంతు మా అమ్మది,” అంది.

వాళ్లమ్మ పీతల పెంపకం క్లాసులో కూర్చునేదట. పచ్చచుక్క పెట్టింది. ప్రశ్నలు అడిగేది. ఆ రికార్డు చేతులు మారి ఎక్కడెక్కడికో పోయింది, ఎవరో ఆ గొంతుతో మిషను చేత కొత్త మాటలు పలికించారు. తుపానులో అమ్మ పోయాక, నాగవేణి వరండాలో కూర్చుని చేపలు తోముతుంటే కాలవలోంచి అమ్మ గొంతు వినపడింది.

“మొదట్లో లాంచీ వొస్తుందంటే గట్టు దాకా పరిగెత్తేదాన్నక్కా. సబ్బులమ్ముతున్నా సరే, అమ్మే కదా అని. మా అమ్మ ఒట్టి సిగ్గరి. ఎవర్నీ రండమ్మా అని పిలిచి ఎరగదు. ఇప్పుడు అమ్మని గుర్తు చేసుకుందామంటే ఆ మాటలే వొస్తున్నాయి. అమ్మ నిజంగా అన్న మాటలు రావట్లేదు.”

“ఫిర్యాదు చెయ్యలేదా?”

“చేసేను. ఎవరు చేసేరో తేలలేదన్నారు. ఇప్పుడు చెప్పక్కా, ఎందుకొచ్చేవు?”

చుక్క మార్చమని అడుగుదామనే వచ్చాను, ఇక అడగదలచుకోలేదు. అయినా జరిగింది దాచడం తప్పనిపించి సీతారత్నం సంగతి చెప్పాను. నాగవేణి చేతిలో ఉన్న పానా కింద పెట్టేసింది.

“అయితే నా మూలానే.”

“నీ మూలాన కాదు. నువ్వు వద్దన్నావు, అది నీ హక్కు. మేం దానికి తగ్గట్టు పాఠం చెయ్యలేదు.”

ఆమె నా మాట విన్నట్టు లేదు. కాలవ వైపే చూస్తోంది.

“నీ గొంతు అక్కర్లేదు. నువ్వడిగిన మాటలు లంకలకెళ్లి నేను చెబుతాను. దానికి ఒప్పుకుంటావా?”

“నువ్వు చెప్తే వాళ్లు తిరిగి ఇంకోటి అడుగుతారు. నీకేం తెలుస్తుందక్కా? పురుడు చూసేవా ఎప్పుడైనా?”

“లేదు.”

“గొంతు మిషన్లో పెట్టలేను. నన్ను బతిమాలకు. నేనే వొస్తాను. లాంచీ ఎప్పుడు?”

మంగళవారం, మబ్బు

సీతారత్నాన్ని ఇంటికి పంపిస్తున్నారు. అదే లాంచీలో మేమూ ఎక్కాం. ఆమెని చాప మీద పడుకోబెట్టారు, పక్కన బిడ్డ. నాగవేణి లాంచీ అంచున ఒదిగి కూర్చుంది. దూరంగా మొగలిపొదలు కనపడ్డాయి.

సీతారత్నమే అడిగింది. “ఆ ప్రశ్న అడిగింది నువ్వేనంట కదా?”

“ఆయ్.”

“మాకూ వినపడుంటే బాగుండేది.”

కోపంగా అనలేదు. వాన పడుంటే బాగుండేది అన్నట్టు అంది. అందుకే కాబోలు నాగవేణి తల ఎత్తలేకపోయింది. కాసేపయ్యాక సీతారత్నం బిడ్డని కాస్త పైకెత్తి, “కొంచెం పట్టుకో, చెయ్యి లాగుతోంది,” అంది. నాగవేణి తీసుకుంది. లంక వచ్చేదాకా దింపలేదు.

తుపాను షెల్టరులో ఆడవాళ్లు కూర్చున్నారు. బోర్లించిన గంప మీద పలక పెట్టాం. దాని పక్కనే నాగవేణి. నెత్తురు పాఠం మొదలైంది. డాక్టరు గారు కొబ్బరికాయలా గట్టిగా తగలాలి అన్నారు. ఖాళీ వచ్చింది. పలక ఆపాను.

నాగవేణి కొంగు సర్దుకుని, తెర మీద ఉన్న డాక్టరు గారి వైపే తిరిగి అడిగింది. “రుద్దినా గట్టిపడకపోతేనండీ?”

తర్వాత వాళ్ల వైపు తిరిగి జవాబు చెప్పింది. డాక్టరు గారు ఏమన్నారో, ఎందుకన్నారో, సంచి ఎక్కడుంటుందో తన పొట్ట మీదే చెయ్యి పెట్టి చూపించింది. మంగాయమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

“గొట్టం మా దగ్గర లేదు కదా. తల్లి మూత్తరం పొయ్యలేకపోతే?”

“చెంబుతో కింద గోరువెచ్చటి నీళ్లు పోస్తూ ఉండాలి పిన్నీ. అప్పటికీ రాకపోతే ఇంక చూడొద్దు, లాంచీకి జెండా ఎత్తెయ్యండి. రుద్దడం మాత్రం ఆపకూడదు.”

ఒక్క పాఠానికే సాయంత్రమైంది. పోటు తగ్గుతోందని నూకరాజు కేకేసేదాకా ఎవరూ లేవలేదు. గట్టెక్కాక నాగవేణి అంది, “మిగతా లంకలకి కూడా ఇలాగే ఎల్దామక్కా. షెడ్డులో సెలవడుగుతాను.”

గురువారం

నిన్న ఇంకో లంకకి కూడా వెళ్లి వచ్చాం. ఆ సంగతులు ఇంకోసారి రాస్తాను. ఇవాళ క్లాసుకి ముందు డాక్టర్ రజియా గారికి అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“నేనెప్పుడూ ఆ పిల్లని పూర్తిగా మాట్లాడనివ్వను కదూ,” అన్నారు. “ఇకమీద ఆగుతాను. ప్రశ్న నేను మళ్లీ చెప్పి, అప్పుడు జవాబు చెబుతాను.”

క్లాసు మొదట్లో అలాగే చేశారు. ఏడవని బిడ్డ గురించిన పాఠం. సగానికొచ్చేసరికి ఆవిడకి ఉత్సాహం వచ్చేసింది. నాగవేణి ఏదో అడిగింది. డాక్టరు గారు ఆగారు, కానీ ప్రశ్న మళ్లీ చెప్పడం మరిచిపోయారు. “ఆగకండి. ముందు ఊపిరి. తక్కినవన్నీ తర్వాత,” అనేశారు. నేను చెయ్యి ఊపాను. ఆవిడ చూడలేదు.

బుధవారం, ముసురు

షెడ్డులో మోటారు కాలిపోయి నాగవేణికి సెలవు దొరకలేదు. మొగలిలంకకి నేనొక్కదాన్నే వెళ్లాను. వాళ్లు లాంచీలో ఆమె కోసం వెతుకుతుంటే నాకే ఏదోలా అనిపించింది.

పాఠం పెట్టాను. డాక్టరు గారు బిడ్డ బొమ్మని తుడుస్తున్నారు, వీపు రుద్దుతున్నారు. నిశ్శబ్దం వచ్చింది. ఆవిడ మౌనంగా తలాడిస్తూ వింటున్నారు. తర్వాత, “ఆగకండి. ముందు ఊపిరి.”

పలక ఆపి, “ఇక్కడ నాగవేణి అడిగిందేమిటంటే,” అని నోరు తెరిచాను.

మంగాయమ్మ చెయ్యెత్తింది. “చెప్పకమ్మాయ్. ఆ పిల్ల ఏవడిగుంటుందో మమ్మల్ని ఆలోచించుకోనీ.”

షెల్టరులో గోల మొదలైంది. స్నానం పోసేదాకా ఆగాలా అనడిగుంటుంది అందొకామె. కాదు, పెద్దవాళ్లని పిలుచుకొచ్చేదాకా అని ఇంకొకామె. సీతారత్నం గోడకి చేరబడి బిడ్డకి పాలిస్తోంది. “బొడ్డు కోసేదాకా ఆగాలా అనుంటది,” అంది మెల్లగా. “నాకైతే అదే అనుమానం.”

నాగవేణి అడిగింది సరిగ్గా అదే. ఆ మాట చెప్పగానే అందరూ సీతారత్నం వైపు తిరిగారు. లాంచీలో చాప మీద చూసిన మనిషి నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

మంగాయమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ఇంకా తెర మీద ఉన్న బిడ్డ బొమ్మనే చూస్తోంది.

“అమ్మాయ్, నేనొకటి అడుగుతాను. బిడ్డ ఏడవట్లేదు, తల్లికి నెత్తురు ఆగట్లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరి కాడుండాలి?”

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదని అక్కడున్నవాళ్లందరికీ తెలిసినట్టుంది. ఎప్పుడో, ఎవరింట్లోనో జరిగింది.

“నాకు తెలీదు మంగాయమ్మగారూ,” అన్నాను.

“నీకెలా తెలుత్తుందిలే. ఆ పిల్లకి చెప్పు. మేడమ్‌గారిని అడగమను.”

శుక్రవారం

నిన్నటి క్లాసు సంగతి రాయాలి.

నాగవేణి ఎర్రచుక్క మార్చలేదు. మారుస్తుందేమోనని నేను మనసులో ఏ మూలో అనుకోకపోలేదు. మార్చలేదు. క్లాసు మధ్యలో చెయ్యెత్తి, “మేడమ్, ఇది నా ప్రశ్న కాదండి. మొగలిలంక మంగాయమ్మగారు అడగమన్నారు,” అని మొదలుపెట్టి, ఒక్క ముక్క కూడా మార్చకుండా అడిగింది.

డాక్టర్ రజియా గారు వెంటనే జవాబివ్వలేదు. సిగ్నల్ పోయిందేమోనని నేను తీగలు చూసుకున్నాను. పోలేదు. ఆవిడ ఆలోచిస్తున్నారు.

క్లాసయ్యాక జల్లెడ పట్టాను. నాగవేణి గొంతు పోయింది. ఎక్కడైనా తన గొంతు వినపడుతుందేమోనని నాగవేణి కూడా పైకొచ్చి నా పక్కన కూర్చుని చివరిదాకా విన్నది. లేదని రూఢి చేసుకుని, “సరే అక్కా, పంపించు,” అంది.

మంగళవారం

మొగలిలంకకి ఇద్దరం వెళ్లాం. నాగవేణి ఈసారి పలక పక్కన కూర్చోలేదు. వెనక ఆడవాళ్లలో, సీతారత్నం బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంగాయమ్మ ఎప్పటిలాగే గంపకి ఎదురుగా.

పాఠం నడిచింది. నిశ్శబ్దం వచ్చింది. తెర మీద డాక్టరు గారు వింటున్నారు. తర్వాత తల వంచుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. షెల్టరు రేకుల మీద చినుకులు పడుతున్నాయి. ఏమిటది, పాడైందా అని ఎవరో గొణిగారు.

డాక్టరు గారు తలెత్తి సూటిగా చూశారు.

“మంగాయమ్మగారూ,” అన్నారు. “మీరడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతవరకూ చెబుతాను.”

మంగాయమ్మ వెనక్కి తిరిగి మా వంక చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

“నొప్పులు రాకముందే తల్లికి నేర్పండి. తన పొత్తికడుపు తానే ఎలా రుద్దుకోవాలో ఆమె చేతికి నేర్పి ఉంచండి. అప్పుడు ఆ సమయానికి మీరు ఒక్కరే కారు, ఇద్దరుంటారు. మీరు బిడ్డని చూడండి, ఆమె తనని చూసుకుంటూ ఉంటుంది. బిడ్డ ఊపిరి అందగానే ఆమె దగ్గరికి రండి. అయినా ఒక్కోసారి ఇద్దరూ దక్కరు. అది మీ చేతకానితనం కాదు. వింటున్నారా మంగాయమ్మగారూ?”

పలక ఆపాలనుకుని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను.

మంగాయమ్మ చీరచెంగుతో ముఖం తుడుచుకుంది. గంప దగ్గరికి ఇంకొంచెం జరిగింది.

“ఆయ్, వింటన్నానండి,” అంది. “చెప్పండి.”